ఇంటికీ ప్రహరీకీ మధ్య మట్టి: విశాఖ బీచ్ వెనక కాలనీల లెక్క

ఆదివారం సాయంత్రం ఆరింటికి విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర అడుగు పెట్టడానికి చోటుండదు. మురీ మిక్చర్ బళ్ళు, మొక్కజొన్న పొత్తుల పొగ, పార్కింగు కోసం ఒకదాని వెనక ఒకటి పాకే కార్లు. రోడ్డు దాటి పాండురంగాపురంలోకి ఎక్కితే రెండు వీధులు తిరిగేసరికి గొంతు తగ్గించి మాట్లాడాలనిపిస్తుంది. ప్రహరీ మీంచి వాలిన బాదం కొమ్మ, దాని కింద ఇస్త్రీ బండి, ఏ ఇంట్లోంచో కుక్కరు కూత. కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ, చినవాల్తేరు లోపలి వీధులు, వాల్తేరు అప్‌ల్యాండ్స్... కాస్త హెచ్చుతగ్గులతో అన్నిటిదీ ఇదే స్వభావం.

సముద్రం పక్కన కదా, చల్లగా ప్రశాంతంగా ఉండక ఏం చేస్తుంది అంటారు చాలామంది. అందులో సగమే నిజం. సముద్రం ఇచ్చేది గాలి, గాలితోపాటు ఉప్పు. నీడా నిశ్శబ్దమూ వచ్చింది మాత్రం ఇంటికీ ప్రహరీకీ మధ్య పాతవాళ్ళు గచ్చు చెయ్యకుండా వదిలేసిన మట్టి వల్ల. ఆ మట్టి తగ్గుతున్నకొద్దీ చెట్టూ, బోరూ, వీధీ వరసగా పాడవుతూ వస్తాయి. మూడూ వేరువేరు సమస్యల్లా కనబడతాయి గానీ మొదలు ఒక్కటే.

మిట్ట మీద ఊరు

పాత విశాఖపట్నం కోట వీధుల దగ్గర, రేవుని అంటిపెట్టుకుని పెరిగింది. తెల్లదొరలు దానికి ఉత్తరాన ఉన్న వాల్తేరు మిట్టని ఎంచుకుని బంగళాలు కట్టుకున్నారు. ఎత్తు మీద గాలి బాగా తగులుతుంది, వాన నీరు నిలవదు, ఉప్పు తుంపర అంతగా అందదు. 1926లో ఏర్పడిన ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఈ మిట్ట మీదే స్థిరపడింది. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల కాలనీలకి పెద్ద చెట్ల దన్ను ఆ క్యాంపస్సే. తరవాత వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) హయాంలో వచ్చిన ఎంవీపీ కాలనీ సెక్టార్లలో ప్లాట్లు చిన్నవి. అక్కడి పచ్చదనం ఇళ్ళ ఆవరణల్లో కన్నా పార్కుల్లో, రోడ్డు వారల్లో ఎక్కువ. పాత కాలనీల్లో కథ తిరగబడుతుంది: వీధి చెట్టు అని మనం అనుకునేదాని మొదలు చాలాసార్లు ఎవరో ఒకరి ప్రహరీ లోపలే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఆ చెట్టు ఉండాలా పోవాలా అన్నది ఒక్క కుటుంబం చేతిలో ఉంది.

చెట్లు శబ్దాన్ని ఆపుతాయా?

పెద్దగా ఆపవు. రోడ్డు మోత దూరం రెట్టింపైనప్పుడల్లా 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అంటే రోడ్డుకి 10 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికీ 40 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికీ తేడా 6 డెసిబెల్సే. చెట్లతో అంతకి దగ్గరైనా రావాలంటే కింది నుంచి పైదాకా దట్టమైన పొద ఓ 30 మీటర్ల మందాన ఉండాలి. ఏ కాలనీలోనూ అంత చోటుండదు. నిజంగా అడ్డుకునేది మొదటి వరస ఇళ్ళు. బీచ్ రోడ్డుకి ముఖం పెట్టిన కట్టడాలు హోరుని తమ మీదికి తీసుకుంటాయి, వాటి వెనక వీధి దాక్కుంటుంది. ఇక ఆకుల గలగల, దూరంగా అలల హోరు మిగిలిన చిన్నాచితకా చప్పుళ్ళని కప్పేస్తాయి. చెవికి హాయి అనిపించేది ఈ కప్పివేతే.

రెండో కారణం ఇంకా మామూలుది: ఆ వీధిలోకి పనిలేని బండి రాదు. పాత లేఅవుట్లలో చాలా వీధులు ఇంకో పెద్ద రోడ్డుకి అడ్డదారి కావు. ఈ ఏర్పాటు చెడేది బీచ్ రోడ్డు మూసేసినప్పుడు. నౌకాదళ దినోత్సవ విన్యాసాలకీ, ఇతర ఉత్సవాలకీ బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపితే ఆ ప్రవాహమంతా లోపలి వీధుల్లో తేలుతుంది. ఏడాదికి నాలుగు రోజులంటే ఓర్చుకోవచ్చు. ఇళ్ళ కింది అంతస్తులు కేఫులూ, బొటీకులూ, హాస్టళ్ళూ అయితే ప్రతి శనాదివారాలూ ఉత్సవమే. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పదకొండింటికి గేటు ముందు ఒక బుల్లెట్ స్టార్టయితే ఆ లెక్క అక్కడితో సరి.

ఉప్పు చేసే పని

గాలిలో ఉప్పు తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలావరకు రాలిపోతుంది. అందుకే వరసగా నాలుగు వీధుల్లో ఒకే వయసు ఇళ్ళు చూస్తే మొదటి వీధిలో కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచి ఉంటాయి, నాలుగో వీధిలో రంగు మాత్రమే వెలిసి ఉంటుంది. ఇంట్లో ముందు దెబ్బతినేవి సన్‌షేడ్ అడుగు భాగం, బాల్కనీ అంచు. వాన నీరు ఆ భాగాల్ని కడగదు. ఉప్పు పేరుకుంటూ పోయి కాంక్రీటులోకి దిగి చువ్వని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడి పడుతుంది. పైన మళ్ళీ సిమెంటు పూసి రంగేస్తే ఒకటి రెండు వానాకాలాలు ఆగుతుంది, అంతే. చువ్వ వెనకదాకా కొట్టేసి, తుప్పు గీకి, చువ్వ మందం తగ్గితే పక్కన కొత్తది కట్టి, అప్పుడు పూడ్చాలి.

కొత్తగా కట్టేవాళ్ళకి కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 స్పష్టంగానే చెబుతుంది. తీరపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుది 'తీవ్ర' పరిస్థితి: కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఘనపు మీటరుకి 320 కిలోల సిమెంటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45కి మించకుండా, చువ్వని కప్పుతూ 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవర్. నేరుగా తుంపర పడే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. కాగితం మీద అందరూ రాస్తారు. సైటులో కవర్ బ్లాకు బదులు కంకర పలుకు పెడతారు, కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు చువ్వల మీద నడుస్తారు, చివరికి మిగిలేది 15 మిల్లీమీటర్లు. పోత రోజున పొద్దున్నే టేపు పట్టుకుని చువ్వకీ సెంట్రింగ్ పలకకీ మధ్య నాలుగు చోట్ల కొలవడానికి పావుగంట చాలు. ఆ పావుగంటకి మించిన పొదుపు ఈ వీధుల్లో ఇంకోటి లేదు.

రెయిలింగుకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే ఏడాది తిరక్కుండా టీ మరకల్లా గోధుమరంగు చారలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఖరీదెక్కువ, కానీ ఇక్కడ అదే నిలుస్తుంది. ఏసీ బయటి యూనిట్లో రాగి గొట్టానికి తొడిగిన అల్యూమినియం రేకులు ఉప్పు తడికి పిండైపోతాయి. స్విచ్ ఆపి, నెలకోసారి మంచినీళ్ళతో మెల్లగా కడగడమే మందు. ఆ కడిగే నీళ్ళు బోరువైతే ముందు వాటి ఉప్పెంతో చూసుకోవాలి. దాని సంగతి తరవాత వస్తుంది.

ఉప్పుగాలికి మొదటి అడ్డం చెట్టే. సముద్రం వైపు ప్రహరీ వెంట ఉన్న గుబురు చెట్టు తన ఆకుల మీద ఉప్పుని పట్టేసుకుంటుంది. ఆ వైపు ఆకు అంచులు మాడి, చెట్టు మొత్తం దువ్వినట్టు ఊరి వైపు వాలి పెరుగుతుంది. చూడ్డానికి వికారంగా ఉందని దాన్ని కొట్టేస్తే ఆ ఉప్పు నేరుగా కిటికీ ఊచల మీదికే.

హుద్‌హుద్ చూపించినవి

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి సుమారు 185 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్ళింది. ముందు ఒక దిక్కు నుంచి గంటల తరబడి గాలి, తరవాత కాసేపు ఏమీ లేనట్టు నిశ్శబ్దం, ఆ వెంటనే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అదే ఊపు. మొదటి గాలికి వేళ్ళు వదులైన చెట్లని రెండో గాలి పీకేసింది. మర్నాటికి కొండలు సైతం కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి.

చెట్టు రెండు రకాలుగా పోతుంది: విరగడం, వేళ్ళతో లేవడం. విరగడం చాలావరకు జాతి లక్షణం. తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు తొందరగా ఎదిగి అందంగా విచ్చుకుంటాయి, కొయ్య పెళుసు. విరిగిన చెట్టు చాలాసార్లు మళ్ళీ చిగురిస్తుంది. వేళ్ళతో లేవడం మాత్రం ఎక్కువగా మనుషులు తెచ్చిపెట్టేదే. మొదలు చుట్టూ చప్టా చేసి గచ్చు దగ్గరదాకా తెచ్చేస్తే కిందికి గాలీ నీళ్ళూ వెళ్ళవు. వేళ్ళు పైపైనే పాకుతాయి. ఒక వైపు కాలవ గోడ, ఒక వైపు కేబుల్ కోసం తవ్విన గాడి. రెండు వైపులా పట్టు తెగిన చెట్టు నిలబడి ఉందంటే ఇంకా గాలి రాలేదు కాబట్టే. తుపాను తరవాత ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించారు. తీగల కోసం కొమ్మలు నరకాల్సిన అవసరం అలా తగ్గడం నిజంగా మేలే. కానీ ఏ తవ్వకమైనా చెట్టు మొదలు పక్కనుంచి పోతే ఆ మేలు వేళ్ళ దగ్గర వడ్డీతో వసూలవుతుంది.

వేళ్ళకి ఎంత చోటు వదలాలి అనడానికి సులువైన కొలత ఉంది. ఛాతీ ఎత్తున చెట్టు చుట్టుకొలత తీసుకుని దానికి నాలుగు రెట్లు దూరం లెక్కపెట్టాలి. చుట్టుకొలత 125 సెంటీమీటర్లయితే చుట్టూ 5 మీటర్లు. ఆ గిరి లోపల పునాది గొయ్యి గానీ, సంపు గానీ, ఇసుక లారీ గానీ రాకూడదు. లారీ బరువుకి నేల గట్టిపడినా వేరు చచ్చిపోతుంది. పక్క ప్లాట్లో అపార్ట్‌మెంటు లేచిన మూడు నాలుగేళ్ళకి ప్రహరీ ఇవతలి వేపచెట్టు పై కొమ్మలు ఎండిపోతుంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. చీడ పట్టిందని మందు కొడతారు పాపం.

కొమ్మ కొట్టడంలోనూ పద్ధతి ఉంది. తుపాన్ల కాలం అక్టోబరు, నవంబరు. కనక సెప్టెంబరు లోపే పని ముగించాలి. బరువైన కొమ్మని ఒకే వేటుకి కోస్తే కింద బెరడు చీలి మొదలుదాకా ఊడి వస్తుంది. మొదలు నుంచి ఒక అడుగు దూరంలో అడుగు వైపు నుంచి మూడో వంతు గాటు, దానికి రెండంగుళాలు అవతల పై నుంచి పూర్తి కోత, ఆ తరవాత మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బెత్తుగా కనబడే పట్టీని వదిలి, దానికి ఆనుకుని బయటి వైపు కోయాలి. ఆ పట్టీని ముట్టుకుంటే గాయం మూసుకోదు. ఒక ఏడాదిలో నాలుగో వంతుకి మించి పచ్చదనం తియ్యకూడదు. తల నరికేయడం అన్నిటికన్నా చెడ్డది: నరికిన చోట గుంపుగా వచ్చే రెమ్మలకి పట్టుండదు, వచ్చే తుపానులో ముందు పడేవి అవే.

తుపాను తరవాత ఊరు త్వరగా పచ్చబడాలన్న తొందరలో రోడ్ల మధ్యన ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. ఇవాళ శీతాకాలం మొదట్లో రాత్రిళ్ళు ఆ పూల ఘాటుకి తలనొప్పి, ఆయాసం అని జనం మొత్తుకుంటున్నారు. కోనోకార్పస్ సంగతీ అంతే. ఉప్పుకి తట్టుకుంటుంది, చూస్తుండగానే గోడ కట్టినట్టు పెరుగుతుంది, ఆ వేళ్ళు కాలవలూ పైపులూ వెతుక్కుంటూ పోతాయి. ఈ తీరానికి అలవాటైన కానుగ, పొన్న, గంగరావి, బాదం అంత వేగంగా ఎదగవు. నర్సరీలో అడిగితే గానీ ఇవ్వరు. మొదటి వరసలో నిలిచేవి అవే. వేప కాస్త లోపలి వీధుల్లో బాగుంటుంది.

బోరులోకి సముద్రం

తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకొస్తుంది. విశాఖ నేలలో కింద ఉన్నది పగుళ్ళ రాయి కాబట్టి అచ్చంగా ఇంతే అని ఎవరూ చెప్పలేరు. దిశ మాత్రం ఇదే.

ఇప్పుడు 500 గజాల ప్లాటు తీసుకుందాం. అంటే 418 చదరపు మీటర్లు. సగం ఇల్లు, సగం మట్టి, నలుగురు మనుషులు. తలకి రోజుకి 135 లీటర్ల ప్రమాణం ప్రకారం ఏడాదికి దాదాపు 2 లక్షల లీటర్లు వాడతారు. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన అనుకుంటే ఆ సగం మట్టి మీద పడేది కూడా 2 లక్షల పైచిలుకే. కొంత ఆవిరవుతుంది, కొంత వీధిలోకి పోతుంది, మిగిలింది ఇంకుతుంది. కుళాయి నీళ్ళు కొంత ఆదుకుంటాయి. లెక్క ఎలాగో సరిపోతుంది.

అదే ప్లాటు డెవలప్‌మెంటుకి ఇచ్చారు. స్టిల్టు మీద ఐదంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు, 40 మంది మనుషులు. రోజుకి 5,400 లీటర్లు, అంటే ఒక మామూలు ట్యాంకరు పైన. ఏడాదికి దాదాపు 20 లక్షలు. ఆ ప్లాటు మీద పడే వాన మొత్తాన్ని, డాబా మీదిది కూడా కలుపుకుని, ఒక్క చుక్క పోకుండా భూమిలోకి దించినా 4.18 లక్షలే. సెట్‌బ్యాకుల్లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, మట్టి ఉందా అంటే అదీ లేదు, కార్లు తిరగడానికి టైల్సు పరిచేశారు. ఇంకుడు గుంత ప్లానులో ఉంటుంది. కట్టిన ఏడాదికే బురదతో పూడి, పైన ఎవరిదో స్కూటరు స్టాండు వేసి ఉంటుంది.

తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. కాంక్రీటు కలిపే నీటిలో అయితే చువ్వలున్న చోట క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు ఉప్పబడిన ప్లాటులో ఆ బోరు నీళ్ళతోనే ఇల్లు కట్టి, క్యూరింగు చేసి, పదేళ్ళకి సముద్రపు గాలిని తిట్టుకోవడం ఇక్కడ కొత్త కాదు.

పది ఫ్లాట్లంటే కనీసం పది కార్లు. స్టిల్టులో పట్టనివి వీధిలోకి వస్తాయి. 30 అడుగుల వీధిలో రెండు వైపులా కార్లు ఆగితే చెత్త బండి దగ్గర హారన్లు మొదలవుతాయి. ఒక ప్లాటు మారితే వీధికి తెలియదు. వీధిలో ఐదారు మారాక చూస్తే నిశ్శబ్దం పోయి ఉంటుంది. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలున్నాయి కదా, కట్టనివ్వరులే అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ ధీమా పనికిరాదు. అప్పటికే బాగా కట్టేసిన పట్టణ తీరాన్ని రెండో తరగతిగా లెక్కేస్తారు. అక్కడ ఉన్న రోడ్డుకి ఊరి వైపు స్థానిక నిబంధనల ప్రకారం కట్టుకోనిస్తారు. ఈ కాలనీలన్నీ ఆ వైపే.

యజమానుల్ని తప్పుపట్టి లాభం లేదు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న ముసలి దంపతులకి అంత ఇల్లు ఊడ్చుకోవడమే కష్టం. అయితే ఒప్పందం రాసుకునేటప్పుడు బేరం ఫ్లాట్ల వాటా మీదే నడుస్తుంది. సముద్రం వైపు ప్రహరీ వెంట మూడు మీటర్ల పట్టీ టైల్సు వెయ్యకుండా మట్టిగా ఉంచాలి, ఫలానా రెండు చెట్లు ఉండాలి అని రెండు వాక్యాలు చేరిస్తే బిల్డరుకి పోయేది ఒకటి రెండు పార్కింగు చోట్లు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద ఎలాగూ అనుమతి తీసుకోవాలి. ప్లాను గీయకముందే చెట్ల చోట్లు సర్వే కాగితం మీద గుర్తిస్తే స్తంభాలు వాటికి తప్పించి పెట్టుకోవచ్చు. గీశాక ఏ ఇంజినీరూ స్తంభం జరపడు.

ఈ వీధుల్లో ఇల్లు కొనేవాళ్ళు, అద్దెకి తీసుకునేవాళ్ళు రెండుసార్లు వెళ్ళాలి: మే నెలలో ఒక మధ్యాహ్నం, ఏదైనా ఆదివారం రాత్రి తొమ్మిదింటికి. మేలో బోరు నీటిని కరిగిన లవణాల్ని కొలిచే కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటరుతో చూస్తే ఏడాదిలో అతి చెడ్డ అంకె తెలుస్తుంది. సన్‌షేడ్ కింద కర్రతో తట్టాలి. గట్టి చప్పుడొస్తే ఫర్వాలేదు, డొల్ల మోగితే లోపల తుప్పు మొదలైంది. మాస్టర్ ప్లానులో ఆ వీధి వెడల్పు ఎంత చూపించారో అడగాలి. ఇవాళ 40 అడుగులున్నది ప్లానులో 60 అని ఉంటే ముందు పోయేది ప్రహరీ, దాంతోపాటు ప్రహరీ వెంట ఉన్న చెట్టు.

చెట్టు పోయిన చోట కొత్తది పెట్టాలనుకుంటే జూన్, జూలైలో గంగరావి కొమ్మ దొరికినా చాలు. మణికట్టు మందాన, ఆరడుగుల పొడవున కోసి, రెండడుగుల లోతున పాతితే పట్టుకుంటుంది. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు బిందెలు, కుళాయి నీళ్ళు పొయ్యాలి. బోరువి వద్దు. పాదు కనీసం ఐదడుగుల చదరం ఉండాలి. టైల్సు వేసే మేస్త్రి దాన్ని మూడడుగులకి కుదిస్తానంటాడు, ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండాలి.